‘లాస్సీ కమ్-హోమ్’: మా పాపకు పాలమూరు మాటల్లో చెప్పిన పుస్తకం

ఈ పుస్తకం పూర్తి చేయడానికి మాకు పదమూడు రాత్రులు పట్టింది. అన్నం తిన్నాక మా పాప నా భుజం మీద తల పెట్టుకుని పడుకుంటుంది, నేను ఇంగ్లీషు పేజీని కళ్ళతో చదువుకుంటూ నోటితో తెలుగులో చెప్తూ పోతాను, అది కూడా పుస్తకాల తెలుగు కాదు, మా ఇంటి తెలుగు, మద్దూరు, కోస్గి దిక్కు మాట్లాడుకునే తెలుగు. మధ్యలో రెండు రాత్రులు ఆగిపోయాం. ఒకరోజు పాప ఏడ్చి నిద్రపోయింది. ఇంకోరోజు నాకే గొంతు పెగల్లేదు. ఆ రెండో రాత్రి సంగతి కాసేపాగి చెప్తాను, నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం అదే.

పుస్తకం ‘లాస్సీ కమ్-హోమ్’, రాసింది ఎరిక్ నైట్. 1938లో అమెరికాలోని ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ పత్రికలో చిన్న కథగా వచ్చింది, దాన్నే పెంచి 1940లో నవలగా తెచ్చాడు. నేను కొన్నది హైదరాబాద్‌లో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో, 120 రూపాయలకు. అట్ట మూలలు చిరిగిపోయి ఉన్నాయి, లోపల మాత్రం మార్గరీట్ కిర్మ్సీ వేసిన కుక్క బొమ్మలు చెక్కుచెదరలేదు. ఆ బొమ్మలు చూసే కొన్నాను, నిజం చెప్పాలంటే. పాప చాలా రోజులుగా కుక్కపిల్ల కావాలని అడుగుతోంది, మేముండేది మహబూబ్‌నగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు, ఓనర్ ఒప్పుకోడు. కుక్క బదులు కుక్క పుస్తకం ఇద్దామనుకున్నాను.

కుక్క సాహసాలు, దొంగల్ని పట్టుకోవడం, నీళ్ళలో పడిన పిల్లల్ని కాపాడటం, అలాంటివి ఉంటాయనుకుని మొదలుపెట్టాను. అలాంటిదేమీ కాదు. మొదటి పది పేజీల్లోనే అర్థమైపోయింది, ఇది డబ్బుల్లేని ఒక ఇంటి కథ.

ఇంగ్లాండ్‌లో యార్క్‌షైర్ అనే ప్రాంతం, అక్కడ గ్రీనాల్ బ్రిడ్జ్ అనే ఊరు. శామ్ కారక్లౌ బొగ్గు గనిలో కూలీ. గని మూతపడింది. ఇంట్లో శామ్, అతని భార్య, కొడుకు జో, వాళ్ళ కుక్క లాస్సీ. ఆ చుట్టుపక్కల అంత చక్కని కుక్క లేదని పేరు. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు బడి వదిలే వేళకు లాస్సీ గేటు దగ్గర వచ్చి నిలబడుతుంది, జో బయటికి రాగానే ఇద్దరూ కలిసి ఇంటికి పోతారు. ఎండయినా వానయినా తప్పదు. ఊళ్ళో ఆడవాళ్ళు లాస్సీ వీధిలోంచి పోతుంటే గడియారం సరిచేసుకుంటారని ఉంటుంది. ఒకరోజు జో బయటికొస్తే గేటు దగ్గర కుక్క లేదు. ఏమైందో, ఏ బండి కింద పడిందో అని పిల్లవాడు ఇంటికి ఉరికి వస్తాడు. ఇక్కడ ఎరిక్ నైట్ చేసిన పని నాకు చాలా నచ్చింది. తల్లి దాచిపెట్టదు, బుజ్జగించదు, తలుపు దగ్గరే చెప్పేస్తుంది, లాస్సీ ఇక రాదు, అమ్మేశాం అని. తండ్రి పొయ్యి మంట వైపు చూస్తూ కూర్చుంటాడు, కొడుకు మొహం చూడలేడు.

ఆ ముక్క నేను పాపకు ఇట్లా చెప్పాను: “బిడ్డా, నీకు ఇప్పుడే చెప్తున్న ఇను. లాస్సీ ఇంక బడికాడికి రాదు. అమ్మినం.” అంతే. దానికి ముందూ వెనకా ఏమీ కలపలేదు. పాప లేచి కూర్చుని “ఎవరికి? ఎందుకు?” అంది. ఎందుకు అంటే తిండికి లేక. మూడేళ్ళుగా ఆ కుక్క కోసం అడుగుతూ వచ్చిన రడ్లింగ్ డ్యూక్ అనే పెద్ద జమీందారు ఉన్నాడు, అన్నాళ్ళూ వద్దన్న తండ్రి గని మూతపడ్డాక ఒప్పుకున్నాడు.

పిల్లల పుస్తకాల్లో పేదరికం ఉంటుంది, కానీ ఎక్కువగా అది ఒక వాక్యం. ‘అనగనగా ఒక పేద రైతు’ అని మొదలై రెండో పేజీలో రాజకుమారి వచ్చేస్తుంది. ఇందులో అలా కాదు. డబ్బులు లేనప్పుడు ఇంట్లో గొంతులు ఎలా మారతాయో, చిన్న చిన్న వాటికే అమ్మానాన్నల మధ్య మాట ఎలా పెరుగుతుందో, పక్కగదిలో పడుకున్న పిల్లవాడికి ఏం వినబడుతుందో రాశాడు. తల్లి మాట గట్టిగా ఉంటుంది కానీ ఆమె చెడ్డది కాదు. ఇల్లు గడపాల్సింది ఆమె, లెక్క చూసుకోవాల్సింది ఆమె, కాబట్టి చేదు మాట కూడా ఆమె నోటి నుంచే వస్తుంది. తండ్రి మౌనంగా ఉండగలడు, ఆమెకు ఆ వీలు లేదు. మా అమ్మ కూడా అచ్చం అంతే. ఈ పేజీలు చెప్తున్నప్పుడు నాకు యార్క్‌షైర్ కనపడలేదు, మా పాత ఇంటి వసారా కనపడింది.

భాష గురించి చెప్పాలి. పుస్తకంలో కథ చెప్పే మాటలు సులభమైన ఇంగ్లీషే, కానీ మనుషులు మాట్లాడేది యార్క్‌షైర్ యాస. మన పిల్లలు బడిలో నేర్చుకునే ఇంగ్లీషుతో అది ఒక పట్టాన లొంగదు. నేను కూడా మొదటి రోజు కొన్ని మాటలు గట్టిగా పైకి చదువుకుంటే కానీ అర్థం చేసుకోలేకపోయాను. తర్వాత ఒక ఉపాయం దొరికింది. డ్యూక్ ఇంటి మనుషులు మాట్లాడేటప్పుడు సినిమా తెలుగు, శామ్ ఇంట్లో మాట్లాడేటప్పుడు మా ఊరి తెలుగు. “ఏంరా, గిట్ల జేస్తివి” అని శామ్ అంటుంటే మా పాప కళ్ళు మెరిసేవి, తాత మాట్లాడినట్టే ఉంది అనేది. రచయిత ఆ యాసను అలాగే ఉంచింది వెక్కిరించడానికి కాదు. తక్కువ మాట్లాడే, గట్టిగా మాట్లాడే, ప్రేమను మాటల్లో బయటపెట్టని మనుషులు వాళ్ళు, ఆ యాస లేకపోతే ఆ మనుషులే లేరు. ఇది తెలుగులోకి ఎవరైనా తెస్తే దయచేసి శామ్ చేత పత్రికల భాష మాట్లాడించొద్దు.

లాస్సీ అనగానే మొదటి రాత్రి పాప అడిగింది, తాగే లస్సీయా అని. కాదమ్మా, అక్కడ ‘లాస్’ అంటే ఆడపిల్ల, లాస్సీ అంటే ఇంకాస్త ముద్దుగా, మనం ‘బిడ్డా’ అని పిలుచుకున్నట్టు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ కుక్క ‘బిడ్డ’ అయిపోయింది.

పుస్తకం పేరులో రెండో సగం, ఆ ‘కమ్-హోమ్’, ఇంకా ముఖ్యం. అమ్మిన కుక్క తాళ్ళు తెంపుకుని, కంచె కింద మట్టి తవ్వుకుని, మళ్ళీ మళ్ళీ నాలుగు గంటలకు బడి గేటు దగ్గరికి వచ్చేస్తుంది. డ్యూక్ కుక్కలశాల చూసుకునే హైన్స్ అనేవాడు వచ్చి, ఇది మీరు కావాలనే నేర్పిన తెలివి, కుక్కను అమ్మి, అది తిరిగి ఇంటికొచ్చేలా తయారుచేసి, మళ్ళీ ఇంకొకరికి అమ్ముకునే రకం మీరు అన్నట్టు మాట్లాడతాడు. ‘కమ్-హోమ్ కుక్క’ అంటే ఆ అర్థంలో ఒక నింద. పేదవాడి మీద పడే నింద. చివరికి వచ్చేసరికి అదే మాట ముద్దుపేరు అవుతుంది. ఇది అర్థమైనప్పుడు ఆ పేరు మధ్యలో ఉన్న చిన్న గీత ఎందుకుందో తెలిసింది, ‘లాస్సీ, ఇంటికి రా’ అని పిలవడం కాదది, ‘ఇంటికొచ్చే లాస్సీ’.

ఒకసారి జో కుక్కను తీసుకుని కొండ మైదానాల్లోకి పారిపోయి దాక్కుంటాడు. తండ్రి వెతుక్కుంటూ వెళ్ళి, కొట్టడు, తిట్టడు, కూర్చోబెట్టి చెప్తాడు. అమ్మినం, పైసలు తీసుకున్నం, ఖర్చయినయి, ఇప్పుడది మనది కాదు. మన దగ్గర ఇంకేమీ లేకపోయినా మాట ఉంది. ఆయన ఆ కుక్కను తానే తీసుకెళ్ళి అప్పగించి వస్తాడు. ఈ అధ్యాయం మా పాపకు నచ్చలేదు. “వాళ్ళ నాయిన మంచోడు కాదు” అంది. నేను వాదించలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల అలాగే అనుకోవాలి, పుస్తకం కూడా పిల్లవాడి కోపాన్ని తప్పు అని ఎక్కడా అనదు.

ఆ తర్వాత డ్యూక్ లాస్సీని స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న తన ఎస్టేట్‌కు తీసుకెళ్తాడు. మ్యాప్ మీద నేరుగా గీస్తే నాలుగు వందల మైళ్ళు, అంటే 640 కిలోమీటర్లు. దారి తెలియని కుక్క సరస్సుల చుట్టూ తిరిగి, కొండలు దాటి వచ్చేసరికి వెయ్యి మైళ్ళు. పాపకు దూరం చెప్పడానికి నాకు వేరే లెక్క అక్కర్లేకపోయింది. మన పాలమూరు నుంచి బొంబాయి ఎంత దూరమో, మ్యాప్ మీది ఆ నేరు దూరం ఇంచుమించు అంత. బొంబాయి దూరం మా ఇంట్లో అందరికీ తెలుసు.

మేం కురుమలం. మా తాతకు గొర్ల మంద ఉండేది, నల్ల దక్కనీ గొర్లు, వాటి ఉన్నితో నేసిన గొంగడి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. లాస్సీ జాతి కోలీ అసలు మందల కుక్కే, స్కాట్లాండ్‌లో, ఇంగ్లాండ్ ఉత్తరాన గొర్రెల కాపరులు పెంచుకున్నది. తర్వాత ఆ అందం చూసి పెద్దింటివాళ్ళు ప్రదర్శనల కుక్కగా చేసుకున్నారు, డ్యూక్ ఆశపడ్డది కూడా అందుకే. కాపరి చేతిలో పని కుక్క, జమీందారు చేతిలో బహుమతి కుక్క. మా వైపు మంద కుక్కలు అంత బొచ్చుతో అంత అందంగా ఉండవు. ఎండాకాలం తాత మందను నీళ్ళున్న దిక్కుకు తోలుకుపోతే కుక్క మంద చుట్టూ తిరుగుతూ పోయేది, రాత్రి ఎవరి చేలోనైనా ఎరువు కోసం మంద పెట్టించుకుంటే గొర్లు మధ్యలో, కుక్క అంచున, తోడేలు రాకుండా. ఆ కుక్కను ఎవరూ ఎత్తుకుని ముద్దు చేయరు. కానీ దానికి సంగటి పెట్టకుండా తాత తినేవాడు కాదు. మల్లన్న దేవుని వెంట కూడా కుక్క ఉంటుంది, ఒగ్గు కథ వింటూ పెరిగినవాళ్ళకు కుక్కను చిన్నచూపు చూడటం రాదు. ఈ పుస్తకంలో స్కాట్లాండ్ కాపరులు లాస్సీని గొర్లను చంపే కుక్క అనుకుని తుపాకీతో కాలుస్తారు. పాప ఏడ్చింది అప్పుడే. నాకు మాత్రం ఆ కాపరుల మీద కోపం రాలేదు, మందను పోగొట్టుకున్న మనిషిని నేను చూశాను.

ప్రయాణం భాగమే పుస్తకంలో ఎక్కువ. అందులో ఎరిక్ నైట్ పాటించిన నియమం ఒకటుంది, కుక్క మాట్లాడదు, మనిషిలా ఆలోచించదు. ఆ వేళ అయ్యేసరికి ఏదో చేయాలి, ఎక్కడికో పోవాలి అనే గుంజాట మాత్రం ఒంట్లో పుడుతుంది. దానికి తెలిసిన దిక్కు దక్షిణం. తిండి, నొప్పి, వాసన, అలుపు. కుక్క మనసులో పెద్ద పెద్ద డైలాగులు పెట్టే పుస్తకాలు, సినిమాలు చూసి చూసి ఉన్నాం కదా, ఇది చదివితే నిజమైన కుక్కతో పాటు నడిచినట్టుంటుంది. కాలికి ముల్లు గుచ్చుకుంటే నమిలి తీసుకోవడం తప్ప దానికి చెప్పుకునే దిక్కు లేదు.

దారిలో కలిసే మనుషుల్లో ఇద్దరు ముసలివాళ్ళున్నారు, డ్యాన్, డాలీ. కొడుకు లేని ఇల్లు, చాలీచాలని ఆదాయం. వాన రాత్రి చావుబతుకుల్లో దొరికిన కుక్కను పాలు పోసి బతికిస్తారు. ఎవరైనా వచ్చి మా కుక్క అంటారేమో అని వాళ్ళకు భయం. కుక్క కోలుకుంటుంది కానీ సాయంత్రం అయ్యేసరికి తలుపు దగ్గర గునుస్తూ తిరుగుతుంది. డాలీకి అర్థమవుతుంది, ఇది మన దగ్గరికి రాలేదు, ఎక్కడికో పోతూ మధ్యలో ఆగింది అని. ఆమె తలుపు తీసే పేజీ ఈ పుస్తకం మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టం. ఏ గొప్ప మాటలూ లేవు అందులో. ఒక ముసలామె, ఒక రోడ్డు, వెళ్ళిపోతున్న కుక్క.

ఆ తర్వాత రౌలీ పామర్ వస్తాడు, గుర్రబ్బండిలో మట్టి పాత్రలు వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవాడు, వెంట టూట్స్ అని చిన్న కుక్క. మన దగ్గర బండి మీద కుండలు తెచ్చి అమ్మే కుమ్మరాయనను చూసిన పిల్లలకు రౌలీ వెంటనే దగ్గరైపోతాడు. ఆ భాగంలో ఒక చావు ఉంది, చిన్నపిల్లలకు చదివేవాళ్ళు ముందే చూసుకోండి. నేను దాచలేదు, కానీ ఆ రాత్రి నిద్రకు ముందు కాకుండా మర్నాడు ఆదివారం పొద్దున చదివాను.

ఇప్పుడు ఆ రెండో రాత్రి సంగతి.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంట్లో ఒక కుక్క ఉండేది. నల్లగా ఉండేది కాబట్టి కర్రోడు. తాత పోయాక మంద అమ్ముడుపోయింది, కుక్క మిగిలింది. మందలేని మంద కుక్క. నేనూ మా తమ్ముడూ బడికి పోతుంటే వెంట వచ్చేది, గేటు దగ్గర కాదు, బడి వెనక చింతచెట్టు కింద పడుకునేది. ఆ యేడు వానలు లేవు. అమ్మానాయిన బొంబాయి పోయారు, మట్టి పనికి. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, ఎన్నో డ్యాములు, కాలువలు మా వాళ్ళ చేతుల మీద లేచినవే. మేం అవ్వ దగ్గర ఉండిపోయాం. వాళ్ళు పోయే ముందు వారం కర్రోడు కనపడలేదు. నాయిన ‘తప్పిపోయిండు, వస్తడులే’ అన్నాడు. నేనూ తమ్ముడూ చెరువు కట్ట మీద, తండా దాకా, పక్క ఊరి దాకా వెతికాం. ఆ తర్వాత అమ్మానాయిన కూడా లేరు, ఇల్లు అడిగేవాళ్ళు లేకుండా అయిపోయింది. నాకు గుర్తున్నంతవరకు ఆ యేడు నేను అమ్మ కోసం ఏడవలేదు, కర్రోడి కోసమే ఏడ్చాను.

శామ్ తన చేతులతో లాస్సీని మళ్ళీ అప్పగించి వచ్చే పేజీ చెప్తుండగా నాకు ఒక్కసారిగా గొంతు ఆగిపోయింది. అన్నేళ్ళలో ఎప్పుడూ రాని అనుమానం వచ్చింది. పాపను పడుకోబెట్టి ఊళ్ళో ఉన్న నాయినకు ఫోన్ చేశాను. రాత్రి పది దాటింది, ఏమైందో అని కంగారు పడ్డాడు.

“ఏం కాలే నాయినా. ఒక మాట అడుగుత. కర్రోడు నిజంగ తప్పిపోయిండా?”

చాలాసేపు ఏమీ అనలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నాను.

“లేదు బిడ్డా. మందాయనకు ఇచ్చిన. బొంబాయి బస్సు చార్జీలకు లేకుండె.”

ఇంకాసేపటికి ఆయనే చెప్పాడు. మూడో రోజు రాత్రి కర్రోడు మెడకు తెగిన తాడుతో తిరిగొచ్చి తలుపు గీకాడట. మేం నిద్రలో ఉన్నాం. నాయిన లేచి, తాడు ముడేసి, తెల్లారేలోపు మళ్ళీ ఆ మంద దాకా నడిపించుకుపోయి అప్పగించి వచ్చాడట. ఎందుకు అని అడగాలనుకున్నాను, అడగకముందే అన్నాడు, “పైసలు తీస్కున్నంక మనది గాదు గద.”

మా నాయినకు ఇంగ్లీషు రాదు, శామ్ కారక్లౌ ఎవరో తెలియదు. నేను ఫోన్ పెట్టేసి వంటగదిలో కూర్చున్నాను.

మా ఇంటికీ జో ఇంటికీ తేడా ఒక్కటే. జోకు చెప్పారు, మాకు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదా? జోకు కోపం వచ్చింది, కానీ ఎవరి మీద కోపమో తెలుసు, కుక్క ఎక్కడుందో తెలుసు. నేను మాత్రం గేటు వేయడం మరిచిపోయినందుకే కర్రోడు పోయాడని చాన్నాళ్ళు అనుకున్నాను. నాయిన మీద కోపం లేదిప్పుడు. కానీ ఇంట్లో కష్టం వచ్చినప్పుడు పిల్లలకు ఎలా చెప్పాలో తెలియక తల్లడిల్లే పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ మొదటి అధ్యాయంలో తల్లి తలుపు దగ్గర చెప్పే తీరు ఒకసారి చదవండి. ఇష్టంగా చెప్పదు, తియ్యగా చెప్పదు, కానీ చెప్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. స్కాట్లాండ్ ప్రకృతి వర్ణనలు మధ్యలో బాగా సాగుతాయి, ముఖ్యంగా సరస్సు చుట్టూ నడిచే భాగం. పాపకు రెండుసార్లు నిద్ర వచ్చింది, నేను పేరాలు దాటేశాను, కథకు నష్టం రాలేదు. హైన్స్ పాత్ర నాకు అసంతృప్తి. మిగతా అందరినీ అంత అర్థం చేసుకున్న రచయిత ఆ జీతగాడిని మాత్రం ఒట్టి చెడ్డవాడిగా వదిలేశాడు, వాడు కూడా యజమాని అరుపులకు భయపడి బతికేవాడే కదా. అదే డ్యూక్ దగ్గరికి వచ్చేసరికి చాలా మెత్తబడ్డాడు. అరుస్తాడు, కర్ర ఊపుతాడు, లోపల మంచివాడు. మనవరాలు ప్రిసిల్లా మంచి పిల్ల, ఎస్టేట్ గేటు దగ్గర ఆమె చేసే పని కథనే మలుపు తిప్పుతుంది, కానీ ఆ తర్వాత చాలాసేపు కనపడదు. ముగింపులో డ్యూక్ చేసేది చెప్పను, చదువుతుంటే కళ్ళు చెమర్చడం ఖాయం, నాకూ చెమర్చాయి. అయినా ఒక మాట అడగాలనిపిస్తుంది. ఆ గని మూతపడి వీధిన పడ్డ మిగతా ఇళ్ళకు ఏ డ్యూక్ వస్తాడు? మా ఊళ్ళో ఎవరికీ రాలేదు. పిల్లల పుస్తకానికి సంతోషమైన ముగింపు కావాలి, ఒప్పుకుంటాను, పాప కూడా ఆ రాత్రి మంచం మీద ఎగిరింది. నా మనసు మాత్రం డాలీ తీసిన తలుపు దగ్గరే ఉండిపోయింది.

రచయిత గురించి తర్వాత చదివాను. ఎరిక్ నైట్ 1897లో యార్క్‌షైర్‌లోనే పుట్టాడు. తండ్రి లేకుండా అయ్యాక తల్లి బతుకుదెరువుకు రష్యా వెళ్ళింది, పెద్దింటి పిల్లలకు చదువు చెప్పే పనికి. పిల్లలు చుట్టాల దగ్గర పెరిగారు. బడి వదిలేసి చిన్న వయసులోనే మిల్లు పనికి పోయాడు, 1912లో అమెరికా చేరాడు. పనికోసం దేశం దాటిపోయిన అమ్మ, ఊళ్ళో చుట్టాల దగ్గర పిల్లలు. ఈ ముక్క ముందే తెలిసుంటే నేను ఈ పుస్తకం ఆబిడ్స్‌లో బొమ్మలు చూసి కొని ఉండేదాన్ని కాదు, వెతికి వెతికి కొనేదాన్ని. ఆయనకు సొంతంగా ఒక కోలీ ఉండేది, పేరు టూట్స్. ఆ పేరునే రౌలీ చిన్న కుక్కకు పెట్టాడు. 1943 జనవరిలో విమాన ప్రమాదంలో పోయాడు, అదే యేడు తర్వాత విడుదలైన సినిమాను చూడలేదు.

సినిమా కూడా ఉంది మరి, 1943లో ఎం.జి.ఎం. వాళ్ళు తీసింది, రంగుల్లో. జోగా రోడీ మెక్‌డొవాల్, ప్రిసిల్లాగా చిన్న ఎలిజబెత్ టేలర్. లాస్సీగా చేసిన కుక్క పేరు పాల్, అది మగ కుక్క. పుస్తకం అయ్యాక చూశాం, బాగుంది, కానీ ముందు సినిమా చూపించకండి. తెర మీద కుక్క ఎప్పుడూ దువ్వినట్టు మెరుస్తుంటుంది. పుస్తకంలో లాస్సీ ఎముకలు బయటపడి, పాదాలు చిట్లి, తోక ఊపడానికి కూడా ఓపిక లేకుండా చేరుతుంది. ఆ పాదాలు చూడకపోతే ఈ కథలో సగం పోయినట్టే. అమెరికాలో 1954 నుంచి 1973 దాకా టీవీలో వచ్చిన లాస్సీ వేరే, ఆ పేరు మీద ఎవరికైనా గుర్తొచ్చేది ఎక్కువగా అదే, దాన్ని చూసి ఈ నవలను అంచనా వేయొద్దు.

ఎవరికి ఇవ్వచ్చు అంటే, సొంతంగా చదువుకునే పిల్లలైతే ఆరేడు తరగతుల నుంచి, అదీ యాస మాటలకు పక్కన ఎవరైనా ఉంటే. చదివి వినిపిస్తే ఎనిమిదేళ్ళ పిల్లలకు కూడా సరిపోతుంది. కొత్త కాపీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కానీ కుదించిన పిల్లల ఎడిషన్లు కూడా అదే పేరుతో ఉంటాయి. వాటిలో కుక్క ప్రయాణం ఉంటుంది కానీ ఆ ఇల్లు ఉండదు, కాబట్టి కొనేముందు పేజీలు చూసుకోండి, వంద పేజీల లోపు ఉంటే వద్దు. బొమ్మలు పాతవే ఉన్న ఎడిషన్ దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే తీసుకోండి.

మా కాపీ ఇప్పుడు ఇంట్లో లేదు. పక్కింటి అబ్బాయి తీసుకుపోయాడు, ఏడో తరగతి, వాళ్ళ నాన్న గల్ఫ్‌లో ఉంటాడు. నిన్న సాయంత్రం గేటు దగ్గర కనపడి, డాలీ అవ్వ దగ్గరికి వచ్చాను ఆంటీ, ముందు ఏమవుతుందో చెప్పొద్దు అన్నాడు. పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి ఉరికింది.